సూట్‌కేసులో పుస్తకాలు, బీరువాలో పాఠాలు

2001 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి నేను ఈ దేశం వచ్చినప్పుడు నా వెంట రెండు సూట్‌కేసులున్నాయి. ఒక్కోదాన్లో 70 పౌండ్ల దాకా పట్టుకురానిచ్చే రోజులవి. మొదటిదాన్లో అమ్మ సర్దిన ఆవకాయ, కందిపొడి, ప్రెషర్ కుక్కర్, దుప్పట్లు. రెండోదాన్లో సగానికి పైగా పుస్తకాలు. ముందే వచ్చిన సీనియర్లు ఫోన్లో మరీ మరీ చెప్పారు: "బట్టలు ఇక్కడైనా కొనుక్కోవచ్చురా. పుస్తకాలు మాత్రం కోఠీలో కొనుక్కుని రా." అలాగే కొన్నాను. మీలో చాలామంది కూడా కొనే ఉంటారు. పలచటి కాగితం, మెత్తటి అట్ట, వెనకవైపు ఫలానా దేశాల్లో తప్ప మరెక్కడా అమ్మకూడదని ఒక హెచ్చరిక. కోఠీలో మూడు నాలుగు వందల రూపాయలు పెట్టి కొన్న అదే పుస్తకం ఇక్కడ యూనివర్సిటీ బుక్‌స్టోర్‌లో వంద డాలర్లు దాటి ఉండేది. లోపల పేజీ నంబర్లతో సహా అంతా ఒకటే.

క్లాసులో ఆ పుస్తకం తెరవడానికి మొదట్లో కాస్త మొహమాటంగా ఉండేది. తర్వాత చూస్తే ముందు వరసలో కూర్చున్న కొరియా అబ్బాయి దగ్గరా అలాంటిదే ఉంది.

ఈ మెత్తటి అట్టల వెనక ఒక కోర్టు కేసు కూడా ఉంది. థాయిలాండ్ నుంచి కార్నెల్‌లో చదవడానికి వచ్చిన సుపాప్ కిర్ట్‌సెంగ్ అనే విద్యార్థి ఒక తమాషా చేశాడు. ఊళ్ళో ఉన్న బంధువుల చేత చవక ఎడిషన్లు కొనిపించి, తెప్పించుకుని, ఇక్కడ ఈబేలో అమ్మాడు. జాన్ వైలీ అనే ప్రచురణ సంస్థ 2008లో దావా వేసింది. కింది కోర్టులో 6 లక్షల డాలర్లు కట్టమన్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2013 మార్చిలో ఆరుగురు న్యాయమూర్తులు అతని పక్షాన, ముగ్గురు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. న్యాయంగా కొన్న ప్రతిని, అది ఏ దేశంలో అచ్చయినా సరే, తిరిగి అమ్ముకోవచ్చన్నారు. మన సూట్‌కేసులకు అలా పన్నెండేళ్ళు ఆలస్యంగా చట్టబద్ధత దొరికిందని మా స్నేహితులం నవ్వుకున్నాం.

అసలు నేను చెప్పాలనుకున్నది ఆ చవక పుస్తకం ఎక్కడిదీ, ఎందుకు చవక అన్న సంగతి. మా చిన్నాన్న 1980ల మొదట్లో ఇంజనీరింగ్ చదివాడు. ఆయన దగ్గర ఇరోడోవ్ రాసిన ఫిజిక్స్ లెక్కల పుస్తకం ఉండేది. మాస్కోలో మీర్ ప్రచురణాలయం వేసింది. గట్టి అట్ట, మంచి కుట్టు. విశాలాంధ్ర వాళ్ళ వ్యాను ఊళ్ళోకి వచ్చినప్పుడు కొన్నానని చెప్పేవాడు. సినిమా టిక్కెట్టుకి నాలుగు రూపాయలు ఎక్కువేమో అనేవాడు. ఇంటర్లో అది నా చేతికొచ్చింది. ఆయన పెన్సిల్‌తో వేసుకున్న టిక్కులు, వదిలేసిన లెక్కల పక్కన ప్రశ్నార్థకాలు ఇంకా ఉన్నాయి.

అదే అలమరలో ఇంకో రకం పుస్తకాలూ ఉండేవి. అట్ట మీద ఇ.ఎల్.బి.ఎస్. అని నాలుగక్షరాలు. బ్రిటిష్ ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి, మనలాంటి దేశాల విద్యార్థుల కోసం తక్కువ ధరకు వేయించినవి. అమెరికా కూడా ఊరుకోలేదు. పి.ఎల్. 480 అంటే మన పెద్దవాళ్ళకు గోధుమలు గుర్తొస్తాయి. ఆ గోధుమలకు మన ప్రభుత్వం రూపాయల్లో కట్టిన డబ్బులో కొంత అమెరికన్ పాఠ్యపుస్తకాలను ఇండియాలో చవకగా అచ్చు వేయడానికి వెళ్ళింది. అంటే మా చిన్నాన్న అలమరలో మూడు రాజ్యాలు పక్కపక్కనే కూర్చున్నాయి. మన పిల్లలకు ఫిజిక్స్ రావాలన్న ప్రేమ వాళ్ళకు ఉందో లేదో నాకు తెలియదు గానీ, మన పిల్లలు ఎవరి వైపు చూస్తారన్న ఆలోచన మాత్రం ముగ్గురికీ ఉంది.

1991లో సోవియట్ యూనియన్ పోయింది. దాంతో ఆ రష్యన్ పుస్తకాల ప్రవాహం ఆగింది. ఇ.ఎల్.బి.ఎస్. కూడా 1990ల్లోనే మూతపడింది. నేను బి.టెక్.లో చేరేసరికి అవి సెకండ్‌హ్యాండ్ సరుకు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుక్కోవాలి. పుస్తకాలేమీ పాతబడలేదు, లెక్కలేమీ తప్పు కాలేదు. ఇచ్చేవాడికి ఇవ్వాల్సిన అవసరం తీరిపోయింది, అంతే. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. చాలా ఏళ్ళ తర్వాత, నేనే ఇచ్చేవాడి స్థానంలో నిలబడి భంగపడ్డాక తట్టింది.

నేను విమానం ఎక్కడానికి నాలుగు నెలల ముందు, 2001 ఏప్రిల్ 4న, ఎం.ఐ.టి. అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్ ఒక ప్రకటన చేశాడు. తమ కోర్సులన్నిటి పాఠ్య సామగ్రినీ, అంటే లెక్చర్ నోట్సు, హోంవర్కు, పరీక్ష పేపర్లు అన్నీ, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెడతామన్నాడు. పేరు ఓపెన్ కోర్స్‌వేర్. అది డాట్‌కామ్ జ్వరం అప్పుడే దిగుతున్న కాలం. పెద్ద పెద్ద యూనివర్సిటీలు పాఠాలను ఆన్‌లైన్లో అమ్మి కోట్లు గడిద్దామని కంపెనీలు పెడుతున్న రోజులు. కొలంబియా యూనివర్సిటీ ఫాథమ్ అని ఒకటి మొదలుపెట్టి, 2003లో మూసేసింది. ఎం.ఐ.టి. వాళ్ళూ మొదట లాభసాటి వ్యాపారం ఏమైనా కుదురుతుందా అనే ఒక కమిటీ వేసుకున్నారు. 2000లో ఆ కమిటీ లెక్కలు వేసి చూసి, ఇందులో పెద్దగా డబ్బు రాదు, ఉచితంగా ఇచ్చేద్దాం అని తేల్చింది. ఇంజనీర్లు కూర్చుని లెక్కగట్టి దానం చేయాలని నిర్ణయించడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

హ్యూలెట్, మెలన్ ఫౌండేషన్లు మొదటి విడతగా కోటీ పది లక్షల డాలర్లు ఇచ్చాయి. 2002 సెప్టెంబరు 30న ప్రయోగాత్మకంగా 50 కోర్సులు పెట్టారు. 2003లో 500 అయ్యాయి. 2007 నవంబరుకి 1,800. మధ్యలో 2002 జూలైలో పారిస్‌లో యునెస్కో ఒక సమావేశం పెట్టి, ఇలాంటి వాటన్నిటికీ కలిపి ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అని పేరు పెట్టింది.

ఓపెన్ అన్న మాట మన తెలుగువాళ్ళకు అప్పటికే పాతది. 1982లోనే హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది. దేశంలో అదే మొదటిది. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి గారే 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీకీ తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1991లో మన యూనివర్సిటీకి అంబేద్కర్ గారి పేరు పెట్టారు. వాళ్ళు తెలుగులో వేసిన చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రం పుస్తకాలు గ్రూప్ వన్, గ్రూప్ టూ రాసేవాళ్ళ గదుల్లో తెలుగు అకాడమీ పుస్తకాల పక్కనే ఉండేవి. కానీ అక్కడ తెరిచింది గేటు. చదువుకోవడానికి ఎవరైనా రావచ్చు. పాఠాన్ని తీసుకుని నీ ఊరికి తగ్గట్టు మార్చుకో అన్న అనుమతి వేరే సంగతి. అది ఆ రోజుల్లో ప్రపంచంలో ఎవరి ఊహలోనూ పెద్దగా లేదు.

ఆ అనుమతి సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గరనుంచి వచ్చింది. ఈ మాట మా వృత్తి మీద అభిమానంతో అంటున్నది కాదు. 1998లో డేవిడ్ వైలీ అనే ఆయన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములకున్న లైసెన్సులాంటిది పాఠాలకూ ఎందుకుండకూడదని ఓపెన్ కంటెంట్ అన్న లైసెన్సు ఒకటి రాశాడు. 1999లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో రిచర్డ్ బరానిక్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ కనెక్షన్స్ అని మొదలుపెట్టాడు. పాఠాన్ని చిన్న చిన్న ముక్కలుగా పెట్టి, ఎవరికి కావలసిన ముక్కలు వాళ్ళు ఏరుకుని తమ పుస్తకం తాము కట్టుకునే ఏర్పాటు. 2002 డిసెంబరులో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చాయి. ఎం.ఐ.టి. పాఠాల మీద ఉన్నది ఆ కుటుంబంలోదే: మా పేరు చెప్పండి, వ్యాపారానికి వాడొద్దు, మార్చుకుంటే మార్చినదాన్నీ ఇదే షరతుల మీద పంచండి. ఇంకో షరతు ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒకసారి ఇచ్చిన ఈ అనుమతిని షరతులు పాటించేవాళ్ళ దగ్గరనుంచి వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు.

ఇక మా భాగోతం.

2008లో ఇక్కడున్న మా కాలేజీ పాత విద్యార్థులం పన్నెండు మందిమి కలిసి ఒక మంచి పని చేద్దామనుకున్నాం. ఊళ్ళో కాలేజీకి ఇంటర్నెట్ అంతంతమాత్రం. వీడియో ఒకటి తెరిస్తే టీ తాగి రావచ్చు. అప్పటికే ఎం.ఐ.టి. వాళ్ళు ఇంటర్నెట్ సరిగా లేని ఆఫ్రికా యూనివర్సిటీలకు మొత్తం కోర్సులను హార్డ్‌డిస్కుల్లో పంపుతున్నారు. మనమూ అలాగే చేద్దామన్నాను నేను. కోర్సులన్నీ దింపి, డిస్కులోకి ఎక్కించి, ఒక సర్వర్‌కి చందాలు వేసుకుని పంపాం. కాలేజీలో రిబ్బన్ కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, ఫోటోలు వచ్చాయి. ఆ ఏడాది మా పాత విద్యార్థుల కలయికలో ఆ ఫోటోలు తెర మీద వేసి, ప్రపంచంలోని అత్యుత్తమ విద్యను మన ఊరికి చేర్చామని మైకులో చెప్పింది నేనే.

2010 డిసెంబరులో సెలవుకి వెళ్ళినప్పుడు కాలేజీకి వెళ్ళాను. సర్వర్ ఏదండీ అంటే, భద్రంగా ఉందన్నారు. నిజంగానే భద్రంగా ఉంది. తాళం వేసిన బీరువాలో, ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా తీయకుండా, మూత మీద పసుపు కుంకుమ బొట్లతో. మాకు ఇచ్చిన కాఫీ చల్లారేదాకా ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

కోపం వచ్చిన మాట నిజం. మనవాళ్ళకు ఏమిచ్చినా ఇంతే అని మనసులో అనుకున్నాను కూడా. బయటికి వస్తుంటే కంప్యూటర్ సైన్స్ చెప్పే ఒక లెక్చరర్ మెట్ల దగ్గర ఆపింది. నాకంటే చిన్నది.

"సార్, మీరు ఏమనుకోకపోతే ఒక మాట. ఆ డిస్కు నేను చూశాను సార్. పాఠాలు చాలా బాగున్నాయి. కానీ మా పిల్లలు రాయాల్సింది ఎనిమిది యూనిట్లు సార్. ఎనిమిది ప్రశ్నల్లో ఐదింటికి జవాబులు రాయాలి. ఇందులో మా రెండో యూనిట్ ఎక్కడుందో వెతకడానికే నాకు వారం పట్టింది. పంపే ముందు మమ్మల్నెవరినైనా అడిగుంటే చెప్పేవాళ్ళం."

అడగలేదు. పన్నెండు మందిమి ఆరు నెలలు ఈమెయిళ్ళు రాసుకున్నాం. పన్నెండు మందిలో ఒక్కరికీ అక్కడ పాఠం చెప్పే మనిషికి ఒక ఫోన్ చేయాలని తోచలేదు.

"మరి మీరు దాన్ని మీ యూనిట్ల ప్రకారం మార్చుకోవచ్చు కదా మేడమ్" అన్నాను.

"మార్చొచ్చా సార్? కాపీరైట్ ఉండదా?"

లైసెన్సు సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. రిబ్బన్ కత్తిరించిన రోజు నేను ఫోన్లో మాట్లాడిన పది నిమిషాల్లో ఎం.ఐ.టి. గొప్పదనం గురించే చెప్పాను. మార్చుకోవచ్చన్న ముఖ్యమైన ముక్క చెప్పలేదు. ఆ మెట్ల మీదే కూర్చుని చెప్పాను. తర్వాత ఆరేడు నెలల్లో ఆవిడ అల్గారిథమ్స్ కోర్సు నోట్సు తీసుకుని, తమ సిలబస్ వరసలోకి తెచ్చి, వాక్యాలు పొట్టివి చేసి, అక్కడి ఉదాహరణలు తీసేసి తనవి పెట్టుకుంది. దగ్గరి దారి కనుక్కునే పాఠంలో ఒంగోలు నుంచి గుంటూరుకి అద్దంకి మీదుగా వెళ్ళాలా, చిలకలూరిపేట మీదుగా వెళ్ళాలా అని ఆర్టీసీ బస్సుల లెక్క. మొదటి పేజీలో ఎం.ఐ.టి. ప్రొఫెసర్ల పేర్లు, కింద లైసెన్సు, దాని కింద తన పేరు. బీరువాలో ఉన్న మిగతా కోర్సులు ఏమయ్యాయో నేను మళ్ళీ అడగలేదు.

ఆ సరికి ఇండియాలోనే ఇంతకంటే పెద్ద పని నడుస్తోంది. మద్రాసు ఐ.ఐ.టి.లో 1999లో మొదలైన ఆలోచన 2003లో కేంద్ర ప్రభుత్వ నిధులతో ఎన్‌పీటెల్‌గా రూపం కట్టింది. ఏడు ఐ.ఐ.టి.లు, బెంగళూరు ఐ.ఐ.ఎస్‌సీ. కలిసి మొదటి విడతలోనే రెండు వందలకు పైగా కోర్సులు తయారుచేశాయి. సాదాసీదా స్టూడియో, తెల్ల కాగితం మీద పెన్నుతో రాస్తూ చెప్పే ప్రొఫెసర్. అయినా మన కాలేజీల్లో కొత్తగా చేరి, రేపు ఏం చెప్పాలో తెలియక రాత్రంతా మేలుకునే లెక్చరర్లకు అదే దిక్కయింది. 2014 నుంచి పరీక్షలు, సర్టిఫికెట్లు వచ్చాయి. 2016లో స్వయం కోర్సుల మార్కులు డిగ్రీలో కలుపుకోవచ్చని యు.జి.సి. నిబంధన తెచ్చింది. సర్టిఫికెట్ వచ్చాక వీడియోను రెట్టింపు వేగంతో పరిగెత్తించి అసైన్‌మెంట్ పూర్తిచేసే విద్య కూడా వచ్చింది. అది మనవాళ్ళకు నేర్పక్కర్లేదు. అదే 2016లో ఢిల్లీ హైకోర్టు కూడా ఒక మేలు చేసింది. ఢిల్లీ యూనివర్సిటీ దగ్గరున్న జెరాక్స్ షాపు మీద మూడు పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన దావా కొట్టేసి, బోధన కోసం తీసిన నకళ్ళు నేరం కాదంది.

ఇక్కడ నా కథ ఇంకోలా తిరిగింది. పదేళ్ళకు పైగా పగలు ఉద్యోగం చేసుకుంటూ, వారంలో రెండు సాయంత్రాలు ఒక కమ్యూనిటీ కాలేజీలో ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. మొదటి సెమిస్టర్‌లో డిపార్టుమెంటు నిర్ణయించిన పుస్తకం ధర 180 డాలర్లు. దాంతోపాటు హోంవర్కు చేయడానికి ఒక కోడ్ కొనాలి. సెమిస్టర్ అయిపోతే ఆ కోడ్ చెల్లదు, కాబట్టి తర్వాతివాళ్ళకు అమ్ముకోవడానికీ లేదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2005లో లెక్క తేల్చింది: 1986 చివరి నుంచి 2004 చివరి దాకా కాలేజీ పుస్తకాల ధరలు 186 శాతం పెరిగాయి, మిగతా ధరలు 72 శాతమే. రాత్రి గిడ్డంగిలో పనిచేసి వచ్చే ఒక కుర్రాడు మూడు వారాలు హోంవర్కు ఇవ్వలేదు. నాలుగో వారం రాలేదు. జీతం వచ్చాక కోడ్ కొంటానని అంతకుముందు నాతో అన్నాడు. ఒంగోలు రోడ్లో మెట్ల మీద కూర్చుని ఓపెన్ లైసెన్సుల గురించి ఉపన్యాసం ఇచ్చిన మనిషిని, నా క్లాసులో నేను ఇచ్చిన పుస్తకాల జాబితాని చదివి కూడా చూసుకోలేదు.

మరుసటి ఏడాది నుంచి ఓపెన్ పుస్తకంతోనే చెబుతున్నాను. అప్పటికి రైస్ యూనివర్సిటీ వాళ్ళ కనెక్షన్స్ నుంచి 2012లో ఓపెన్‌స్టాక్స్ పుట్టి, ఫిజిక్స్ మొదలుకుని మొదటి ఏడాది సబ్జెక్టులకు ఒక్కొక్కటిగా ఉచిత పుస్తకాలు తెస్తోంది. అంతా సాఫీగా జరిగిందని చెప్పను. నేను ఎంచుకున్న దాంట్లో అభ్యాసాలు తక్కువ, కొన్నిచోట్ల తప్పులు. అమ్మే పుస్తకంతో వచ్చే సిద్ధం చేసిన స్లైడ్లు ఉండవు. శనివారాలు పోయాయి. ఇంట్లో దీని మీద చిన్న యుద్ధం కూడా జరిగింది.

ఇచ్చినవాళ్ళు మనసు మార్చుకుంటే ఏమవుతుందన్న ప్రశ్నకు 2017లో జవాబు దొరికింది. బర్క్‌లీ యూనివర్సిటీ ఏళ్ళ తరబడి పెట్టిన 20 వేలకు పైగా లెక్చర్ వీడియోలను ఒక్కసారిగా జనానికి కనబడకుండా చేసింది. బధిరులకు చదువు చెప్పే గాలాడెట్ యూనివర్సిటీ ఉద్యోగులిద్దరు, వీడియోలకు క్యాప్షన్లు లేక తాము చూడలేకపోతున్నామని ఫిర్యాదు చేశారు. న్యాయశాఖ సరిచేయమంది. అంత ఖర్చు పెట్టే బదులు తీసేస్తామంది యూనివర్సిటీ. ఫిర్యాదు చేసినవాళ్ళది న్యాయమైన మాటే. చెవిటివాళ్ళకు తెరుచుకోని తలుపును ఓపెన్ అని ఎలా అంటాం? 2022లో యూనివర్సిటీ వాటిని అందరికీ అందేలా చేస్తామని ఒప్పందానికి వచ్చింది. కానీ ఈ మధ్యలో ఆ వీడియోలు పోలేదు. వాటి మీద క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంది కనుక బయటివాళ్ళు ముందుగానే నకలు తీసి వేరేచోట పెట్టేశారు. మార్చడానికి ఆ లైసెన్సు ఒప్పుకోదు గానీ, నకలుకు ఒప్పుకుంటుంది. మాస్కో పుస్తకాల విషయంలో జరగనిది ఇక్కడ జరిగింది.

మన తెలుగు పుస్తకాలకూ దాదాపు ఇదే అనుభవం. కాటూరు నుంచి వచ్చి, ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. ఆ సైటు తర్వాత ఆగిపోయింది. దాన్లోని ఎన్నో పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయంటే, ఎవరో ఓపిగ్గా నకళ్ళు తీసి పెట్టబట్టే. 2021లో తెలుగుతో సహా మన భాషల్లో ఇంజనీరింగ్ చెప్పుకోవచ్చని ఏఐసీటీఈ అనుమతి ఇచ్చింది. ఆ క్లాసుకి పుస్తకం ఎవరు రాయాలన్నప్పుడు, రాసి ఉన్నదాన్ని తెలుగు చేసుకోవడానికి ఎవరినీ బతిమాలుకోనక్కర్లేని పాఠాలు ఇంగ్లీషులో ఎన్నో ఉన్నాయి. తెలుగు చేసే మనుషులే కావాలి.

మొన్న వసంతం సెమిస్టర్‌లో గ్రాఫుల పాఠానికి మంచి ఉదాహరణ కోసం వెతుకుతూ, ఆ లెక్చరర్ పాత నోట్సు తీశాను. ఆవిడ ఇప్పుడు వేరే కాలేజీలో పనిచేస్తోంది. మీ బస్సుల లెక్క వాడుకుంటానని మెసేజ్ పెడితే, "అడగక్కర్లేదు కదా సార్, మీరే చెప్పారు" అని జవాబిచ్చింది. ఆమె పేరు, ఎం.ఐ.టి. వాళ్ళ పేర్లు పైన రాసి, ఇంగ్లీషులోకి తిప్పి క్లాసుకి ఇచ్చాను. వెనక వరసలో కూర్చున్న సాల్వడార్ అమ్మాయి చెయ్యెత్తింది. అద్దంకి దగ్గర బస్సు ఎంతసేపు ఆగుతుంది, ఆ సమయం కూడా కలపాలా అని అడిగింది. కలపాలన్నాను.